ఎర్రపువ్వు చెప్పిన బండి

"అమ్మకు పెద్ద ఇంజనే మంచిదిరా. చిన్నదైతే కొండెక్కేటప్పుడు తట్టుకోలేదు," అని మునిరామయ్య పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతూ తమ్ముడు బాలచంద్రతో అన్నాడు.

లోపల పప్పు ఏరుతున్న పోలేరమ్మ అవ్వ చెవి దాకా ప్రయాణం చేసేసరికి ఆ ఇంజను కాస్తా ఇంజక్షను అయిపోయింది. సూది పేరు చెబితేనే చేయి వాచిపోయే మనిషి ఆమె. చేట పక్కన పడేసి, పూజగదిలోకి పోయి గడియ పెట్టేసుకుంది.

"నేను బాగుండానురా! కొండెక్కేంత జబ్బేమీ లేదు నాకు! పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు!"

"ఇంజిక్షన్ కాదమ్మా, ఇంజన్! బండికి!" బాలచంద్ర తలుపు బాదాడు.

"బండికి జొరమొచ్చిందా?"

బండికి జ్వరం రావాలంటే ముందు బండి ఉండాలి. ఇంటిల్లిపాదీ ఒకేసారి పట్టేంత పెద్ద బండి కొనాలని అన్నదమ్ములు ఉగాది నాడు అనుకున్నారు. అప్పటినుంచి చిత్తూరులో ఆ బెల్లం మండీ వాళ్ల ఇంట్లో మాటల్లో తీపి తగ్గుతూ వచ్చింది. అన్నది డీజిల్ పట్టు, తమ్ముడిది పెట్రోల్ బెట్టు. నిజానికి అది పట్టూ కాదు, బెట్టూ కాదు. ఇద్దరిదీ ఒట్టి భయం.

మునిరామయ్యకు తిరుమల ఘాట్ రోడ్డంటే భయం. పెట్రోలు బండైతే ఇంతమంది బరువుకు ఆయాసపడి, మలుపులో ఆగి, వెనక్కి జారుతుందని ఆయనకు కలలు వచ్చేవి. ఆ కలల్లో బండి పుత్తూరు దాకా జారేది. బాలచంద్రకు డీజిల్ వాసనంటే భయం. బస్సులో కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ లేకుండా జీవితంలో ప్రయాణం చేసి ఎరగడు. పైగా డీజిల్ బండ్లను రేపోమాపో రోడ్డెక్కనీయరని ఎవరో చెప్పారు.

వీటన్నిటికంటే పెద్ద భయం మరొకటి ఉంది. పెళ్లిళ్లయినా వేరుపడకుండా, ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న ఇల్లది. ఇంధన భేదం కాస్తా బంధన భేదమై ఇల్లు రెండుగా చీలుతుందేమోనని అందరికీ లోపల గుబులు. అందుకే బండి మాట రాగానే మునిరామయ్య భార్య పంకజాక్షి పోపు మాడ్చేది, బాలచంద్ర భార్య జయంతి ఉప్పు రెండుసార్లు వేసేది.

గడియ తీసి సంగతంతా విన్న అవ్వ, "మీరు కొట్లాడుకుంటే నేను సూడలేనప్పా. పూలు కట్టి సామినే అడుగుదాం," అంది.

ఆ వైపు చిక్కులకు అదొక పాత దారి. ఎర్రపువ్వొకటి, తెల్లపువ్వొకటి విడివిడిగా కాగితాల్లో పొట్లం కట్టి దేవుడి ముందు వేస్తారు. ఏ రంగుకు ఏ జవాబో మనసులో అనుకుని, చిన్నపిల్ల చేత ఒక పొట్లం తీయిస్తారు. వచ్చిన రంగే తీర్పు. అనుకున్నది పైకి చెబితే ఫలించదని అవ్వ గట్టి నమ్మకం.

"మనసులోనే అనుకోండి. నోట్లోంచి ఊపిరి కూడా రాకూడదు," అని హెచ్చరించి కళ్లు మూసుకుంది. కొడుకులూ మూసుకున్నారు.

మునిరామయ్య ఎరుపును డీజిల్‌కు ఇచ్చాడు. బెల్లం పొయ్యిలో నిప్పు ఎరుపు, దాని బలమే బలం. బాలచంద్ర ఎరుపును పెట్రోలుకు ఇచ్చాడు. గభాలున అంటుకునేది అదే కదా! ఇలా ఒకే పువ్వు రెండు ట్యాంకుల్లో పడింది. బాలచంద్ర కూతురు కోమలి పొట్లం తీసి విప్పింది. ఎర్రమందారం!

అన్న ముఖం విప్పారింది. తమ్ముడి ముఖమూ విప్పారింది. 'ఓడిపోయినా ఎంత నిండుగా నవ్వుతున్నాడు!' అని ఒకరిని చూసి ఒకరు లోపల కరిగిపోయారు.

"సామి చెప్పేసినాడు. ఇంక బండి గురించి ఈ ఇంట్లో ఎవురూ నోరెత్తకూడదు," అని అవ్వ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఓడినవాడి మనసు నొప్పించకూడదని అమ్మ అలా అందని ఇద్దరికీ అర్థమైంది. అర్థమైతే ఆచరించే కొడుకులు కావడమే వచ్చిన చిక్కు. మునిరామయ్య చిత్తూరులోనే చప్పుడు లేకుండా డీజిల్ బండికి ఆర్డరు చెప్పాడు. బాలచంద్ర తిరుపతికి పనిమీద పోయినట్టు పోయి పెట్రోలు బండి చెప్పాడు.

అక్కడినుంచి గోడలకు చెవులు మొలిచాయి. బట్టలు ఆరేస్తున్న జయంతికి బావగారు ఫోన్లో మాట్లాడేది వినిపించింది. "నా పేరు మీదనే రాయండప్పా. మా తమ్మునికి మాత్రం తెలియనీయొద్దండి. పాపం, బాధపడతాడు." జయంతి చేతిలో చీర బురదలో పడింది.

ఆ సాయంత్రమే పెరట్లో కరివేపాకు కోస్తున్న పంకజాక్షికి మరిది గొంతు వినిపించింది. "అన్నకు ఇప్పుడే చెప్పొద్దు సార్. తాళాలు నా చేతికొచ్చినాక నేనే చెప్తాను." ఏ తాళాలు? ఏ ఇంటివి? కోయాల్సింది నాలుగు రెబ్బలైతే చెట్టును సగం దూసేసింది.

తోడికోడళ్లు ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. చెబితే నిజమైపోతుందని భయం. చెప్పకుండా ఉంటే తన వాటా పోతుందని ఇంకో భయం. మర్నాటికి ఇడ్లీ గిన్నె కనిపించలేదు. ఆ మర్నాటికి గ్రైండరు మాయమైంది. ఇత్తడి బిందెలు రెండూ రెండు గదుల్లోకి వెళ్లిపోయాయి. గరిటె లేక అవ్వ చేత్తో సాంబారు పోయబోయి వేళ్లు కాల్చుకుంది.

వేలు చప్పరించుకుంటూ ఆలోచిస్తే అవ్వకు సంగతి తట్టింది. కొడుకులేమో గుసగుసలు, కోడళ్లేమో గిన్నెల మూటలు. వేరుపడేది ఖాయం! రచ్చకెక్కకుండా మర్యాదగా పంచుకుంటారని పుత్తూరులో ఉన్న తమ్ముడు వరదయ్యకు ఫోను చేయించింది. ఎముకలు అతికించే ఊరినుంచి వచ్చి ఇళ్లు విరిచి ఇచ్చే మనిషి ఆయన. చుట్టాల్లో ఎవరు విడిపోవాలన్నా టేపు పట్టుకుని ముందుంటాడు.

అన్నదమ్ములకు పంచాంగం ఒక్కటే కాబట్టి మంచిరోజూ ఒక్కటే దొరికింది. ముందురోజు మునిరామయ్య భార్యతో, "రేపు పొద్దున్నే అందరూ తలకు పోసుకుని ఉండండి. ఒక పనుండాది," అన్నాడు. బాలచంద్ర కూడా జయంతితో అదే మాట అన్నాడు. కొత్తబండిని కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించడమే ఆ పని. ఆడవాళ్లకు మాత్రం అది పంపకాల ముహూర్తంలా వినిపించింది.

తెల్లవారింది. అన్నదమ్ములు చీకటితోనే చెరోవైపు వెళ్లిపోయి ఉన్నారు. వరదయ్య వచ్చీరాగానే కాఫీ కూడా అడక్కుండా టేపు లాగి వసారా కొలవడం మొదలుపెట్టాడు.

"వసారాకు మధ్యలో గోడ లేపితే సరి. మా అక్క మంచం ఏ పక్కకొస్తాదో సూసుకోవల్ల."

"నన్ను కూడా కొలుస్తావురా?" అంది అవ్వ. అందులో కోపం లేదు, భయమే ఉంది.

అప్పుడే వీధికి ఆ చివర హారను మోగింది. ఈ చివర కూడా మోగింది. ఇంట్లోవాళ్లు బయటికి పరిగెత్తారు. ఆ సందులో ఒక ఆటో పోతేనే గోడలు ఒళ్లు దగ్గరికి తీసుకోవాలి. అలాంటి సందులోకి బంతిపూల దండలేసుకుని రెండు ఏనుగులంత బండ్లు ఎదురెదురుగా వచ్చి, ఇంటి ముందు మూతి మూతి ఆనించినట్టు ఆగాయి. దానివెనక పాలవ్యాను, దీనివెనక నీళ్ల ట్యాంకరు. ఇందులోంచి మునిరామయ్య, అందులోంచి బాలచంద్ర దిగారు.

మునిరామయ్య బండి తలుపు కూడా మూయకుండా ముందుకొచ్చాడు. "వేరుపోవాలనుంటే మొగాన చెప్పుండొచ్చు గదరా తమ్ముడా! సొంతంగా బండి తెచ్చుకునేదేంది?"

"నువ్వు తెచ్చుకోలేదా అన్నా? సామి చెప్పిందే నేను తెచ్చినాను!"

"నేనూ సామి చెప్పిందే తెచ్చినాను!"

"నాకు తెలుసు బావా," జయంతి భోరుమంది. "మా ఆయనకు తెలియనీయొద్దని మీరు ఫోన్లో చెప్పింది విన్నాను."

"మరి మా మరిది తాళాలన్నాడే!" పంకజాక్షి అందుకుంది.

"బండి తాళాలు వదినా!"

వరదయ్య టేపుతో సహా గుమ్మంలోకి వచ్చాడు. "బండ్లు రెండయినాయి, ఆ పంపకం తీరిపోయింది. పెరడు సంగతి సూద్దామా?"

"ఆగు మామా!" మునిరామయ్య కసిరాడు. "ఒరే, వచ్చింది ఎర్రపువ్వు గదరా? ఎరుపంటే డీజిలే గదా?"

బాలచంద్ర నోరు తెరిచాడు. "ఎరుపంటే పెట్రోలు గదన్నా!"

అన్న తమ్ముడి భుజం మీద తల వాల్చేశాడు. పంకజాక్షి కళ్లు తుడుచుకుంది. "గ్రైండరు యాడ దాసినావే?"

"మంచం కింద అక్కా. ఇడ్లీ గిన్నె?"

"బియ్యం మూట వెనకాల."

అంతటితో అయిపోతే బాగుండేది. "ఒరే, పెట్రోలు బండే ఉండనీరా. నీకు డీజిల్ వాసన పడదు," అన్నాడు మునిరామయ్య.

"వద్దన్నా. డీజిల్‌దే ఉండనీ. ఘాట్ రోడ్లో నీకు గుండెదడ."

"నా మాట ఇనవా?"

"నువ్వే నా మాట ఇననంటివి!"

గొంతులు మళ్లీ లేచాయి. ఈసారి ఒకరి ఇంజను కోసం ఇంకొకరు. వరదయ్య ఆశగా టేపు మళ్లీ లాగాడు.

"ఆపండ్రా!" అవ్వ అరిచింది. "అడిగింది మీరిద్దరేనా? నేను అడగలేదా? ఎర్రపువ్వొస్తే బండే వద్దని నేను అనుకునింది! ఇంక నోరెత్తొద్దని ఎందుకు చెప్పినాననుకున్నారు? బండొస్తే మీరు విడిపోతారని పానం గుప్పిట్లో పెట్టుకోనుంటి గదరా!"

కొడుకులు రెండు బండ్లవైపూ చూశారు. వెనక వ్యాను, ట్యాంకరు హారన్లు కొడుతున్నాయి. ముందుకూ వెనక్కూ దారి లేదు. ముహూర్తం మాత్రం ఎవరికోసమూ ఆగకుండా జరిగిపోతోంది. అవ్వ కొబ్బరికాయల బుట్ట కోడళ్ల చేతికిచ్చి, చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచింది.

ఆ రోజు ఇంటిల్లిపాదీ కాణిపాకానికి బండి పూజకు బస్సులో వెళ్లారు. అది ఏ ఇంజనుతో నడుస్తుందో ఎవరూ అడగలేదు.