స్వాగత ద్వారం తిన్న పిల్లలు

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. పిల్లల హాస్టల్లో వంట చేస్తాను. పై దేశంలో తుఫానుకి అమ్మానాన్నలు పోయిన పిల్లలు కొందరు రేపు మా హాస్టలుకి వస్తున్నారు. వాళ్ళ స్వాగతం కోసం నాలుగు రోజులుగా జరుగుతున్న హడావుడి చూస్తూ చూస్తూ ఈ కథ రాసుకున్నాను. ఇది జంతువుల కథ. చదువుతుంటే ఇంకెవరైనా గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

ఒక పెద్ద అడవిలో, సముద్రం ఒడ్డునే ఉన్న అడవిలో, జంతువులకి ఒక సంఘం ఉండేది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి. కుర్చీలో కదలకుండా కూర్చోవడం దానికి బాగా వచ్చు, అందుకే అధ్యక్షుడయింది. మిగతా పనులన్నీ కార్యదర్శి నక్కవి. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ప్రకటనలు చిలకవి. రాతకోతలు తాబేలువి.

ఆ ఏడు సముద్రం అవతల ఒక దీవిలో పెద్ద తుఫాను వచ్చింది. దీవి సగం నీళ్ళలోకి పోయింది. ఆ కబురు నీటికాకి తెచ్చింది.

"పదకొండు పిల్లలు ఒక మాను పట్టుకుని ఇటే కొట్టుకొస్తున్నాయి. తల్లీ లేదు, తండ్రీ లేదు. వారంలో మీ ఒడ్డుకి చేరతాయి" అని చెప్పి నీటికాకి ఎగిరిపోయింది.

ఎలుగుబంటికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దానికి కళ్ళమ్మట నీళ్ళు రావడం తేలిక.

నక్క మాత్రం ఆలోచనలో పడింది. "పదకొండేనా. ఇంకో పది వస్తే బాగుండేది. అయినా ఫర్వాలేదు అధ్యక్షా. పోయినేడు పక్క అడవివాళ్ళు రెండు కుంటి జింకల్ని చేరదీశారని పులి దొరవారు వాళ్ళకి కరుణగల అడవి అని బిరుదు ఇచ్చారు. రెండింటికే అంత చేస్తే పదకొండుకి ఎంత చెయ్యాలి?"

"పాపం పిల్లలు" అంది ఎలుగుబంటి.

"అదే నేననేదీ. పులి దొరవారిని ముఖ్య అతిథిగా పిలుద్దాం."

వారం రోజులు అడవి అడవంతా పని చేసింది. స్వాగత ద్వారం కట్టారు. అరటి బోదెలు, మావిడాకులు, చింత చిగురు, మధ్యలో పూల చెండ్లు. వేదిక కట్టారు. స్వాగత గీతం నేర్చుకున్నారు. పులి దొర కూర్చునే రాయిని రోజుకి రెండుసార్లు కడిగారు.

ఒక్క అడవిపంది మాత్రం సభలో అడ్డంగా ఒక మాట అడిగింది. దాన్ని అందరూ బురదమ్మ అనేవాళ్ళు. దుంపలు తవ్వడం దాని పని. సభల్లో దాని చోటు అన్నిటికంటే వెనక, గాలి అవతలికి వీచే వైపు.

"ఏం తింటాయండీ ఆ పిల్లలు?"

నక్క తన చేతిలో ఆకు చూసుకుంది. "తిండి పద్నాలుగో అంశం. మనం ఇప్పుడు రెండో అంశంలో ఉన్నాం. కూర్చో."

"నేను కూర్చునే ఉన్నానండీ" అంది బురదమ్మ. అది పొట్టిది.

ఆ అడవిలో రెండు పద్ధతులున్నాయి, చెప్పకపోతే కథ అర్థం కాదు. ఒకటి, ముఖ్య అతిథి తన చేత్తో మొదటి ముద్ద పెట్టేదాకా విందులో ఎవరూ ఏమీ ముట్టకూడదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ముఖ్య అతిథులకి మాత్రం బాగా నచ్చింది.

రెండోది తాబేలు పద్ధతి. అది రాతి పలక మీద గోరుతో చెక్కి రాస్తుంది. చెక్కింది చెరపడం ఉండదు. పైగా ఒక్క అక్షరానికి ఒక గడియ పడుతుంది. అందుకని పిల్లలు రాకముందే పలక సగం నింపేసింది. పదకొండు వరసలు. వరస వరసకీ "అనాథ. తల్లిదండ్రులు చనిపోయారు" అని చెక్కి, పేర్లకి మాత్రం చోటు వదిలింది.

"పేర్లు వచ్చాక నింపుకోవచ్చు. పిల్లలు మారినా వివరాలు మారవు కదండీ" అంది.

"ముందుచూపంటే ఇదీ" అని నక్క దాని డిప్ప మీద తట్టింది.

చెప్పిన రోజుకి తెల్లారేసరికి మాను ఒడ్డుకి తగిలింది. పదకొండు పిల్లలు దిగాయి. కోతులు కావు, పిల్లులు కావు. తోకకి నల్లచారలు, కళ్ళు మాత్రం ఇంతింత. మూడు రోజులుగా వాటి కడుపులో ఉప్పునీళ్ళు తప్ప ఏమీ లేవు. అన్నిటికంటే చిన్నది నడవలేక అక్క వీపు మీద వేలాడుతోంది.

చిలక స్వాగత గీతం ఎత్తుకుంది. అందులో ఇరవై చరణాలున్నాయి.

"ఇవి ఏ జాతి?" అని ఎలుగుబంటి మెల్లిగా అడిగింది.

"తోక చూస్తే మనవాళ్ళలాగే ఉంది" అంది నక్క. "మొహం చూస్తే కాదు. ఉపన్యాసంలో తోక గురించి మాట్లాడదాం."

పిల్లల్ని స్వాగత ద్వారం కింద ఒక వరసలో నిలబెట్టారు. పులి దొర రెండు గడియల్లో వస్తారన్నారు. ఎండెక్కింది. పులి దొర దారిలో ఇంకో సభలో ఉన్నారన్నారు. ఎదురుగా అరిటాకుల్లో పళ్ళు, దుంపలు, తేనె పెట్టి ఉన్నాయి. చుట్టూ కాపలా.

పెద్ద పిల్ల నోరు విప్పింది. యాస వేరు కానీ మాట అర్థమైంది. "చిన్నదానికి ఒక్క పండు ఇవ్వండి. మేం ఆగుతాం."

"ఎంత బాగా మాట్లాడింది" అని చిలక మెచ్చుకుంది. "దొరవారు వచ్చాక ఈ మాటే మళ్ళీ చెప్పమ్మా. ఇలాగే, గొంతు ఇలాగే వణకాలి."

పండు మాత్రం ఇవ్వలేదు.

ఇంకో గడియ చూసి, ఆ పిల్లలు చేయి పైకి చాపి స్వాగత ద్వారం తినడం మొదలెట్టాయి. ముందు చింత చిగురు పోయింది. తర్వాత పూల చెండ్లు. అరటి బోదెల్ని లోపలి దాకా కొరికాయి. నక్క ఉపన్యాసం చూసుకుని తలెత్తేసరికి రెండు వెదురు గడలు మాత్రం నిలబడి ఉన్నాయి.

"అది అలంకారం" అంది నక్క. "అది తిండి కాదు, అలంకారం."

"బాగుంది" అంది ఒక పిల్ల, ఇంకా నములుతూ.

చిన్నదానికి మాత్రం ఆకు కొరికే ఓపిక కూడా లేదు. అక్క వీపు మీంచి జారి కింద పడింది. లేవలేదు.

నక్క బురదమ్మని పిలిచింది. "ఏమే, వేదిక కూడా తినేలోగా వీటిని అవతలికి తీసుకుపో. దొరవారు రాగానే కబురు పెడతాను, అప్పుడు తీసుకురా. ఏమీ పెట్టకు. పద్ధతి తెలుసుగా?"

"తెలుసండీ" అంది బురదమ్మ.

చిన్నదాన్ని మూతితో ఎత్తుకుని తన బురదగుంట పక్కకి తీసుకెళ్ళింది. దానికి సొంతంగా ఆరు పిల్లలున్నాయి, పాలున్నాయి. పద్ధతి ప్రకారం విందులో ఎవరూ ఏమీ ముట్టకూడదు. బురదగుంటలో విందు లేదు కదా అనుకుంది. చిన్నదానికి పాలు పట్టింది. మిగతావాటికి తన దుంపలన్నీ పెట్టింది. చిన్నది కళ్ళు తెరిచి, రెండోసారి తాగి, అక్కడే బురదలో పడి నిద్రపోయింది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి.

పొద్దు వాలుతుండగా పులి దొర వస్తున్నారని కబురొచ్చింది. చిలక బురదగుంటకి ఎగిరొచ్చింది.

"లేపు, లేపు. దొరవారు వాగు దాటారు."

"పడుకున్నాయమ్మా."

"పడుకుంటే లేపాలి."

"తిండీ నిద్రా లేక మూడు రోజులైంది వీటికి. లేచాక తీసుకొస్తాను. దొరవారిని కాసేపు కూర్చోమనండి, కడిగిన రాయేగా."

చిలక వెనక్కొచ్చి నక్క చెవిలో చెప్పింది. "అవి లేవవు. లేచినా పనికిరావు. నిండా తిన్నాయి. కడుపులు ఇలా ఉన్నాయి. ఒకటి నిద్రలో నవ్వుతోంది కూడా. వాటిని చూస్తే ఎవరికి జాలేస్తుంది?"

నక్క వాగు వైపు ఒకసారి చూసింది. అయినా అది ఊరికే కార్యదర్శి కాలేదు. "నాకు నాలుగు పిల్లలు. అధ్యక్షుడికి రెండు. నీకు?"

"మూడు."

"తాబేలుకి రెండు. మొత్తం పదకొండు. అనాథలంటే ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు. బూడిద పుయ్యండి. ఏమడిగినా ఏడవమనండి."

"మా పిల్లలకి ఏడవడం వచ్చు" అంది ఎలుగుబంటి కొంచెం గర్వంగా.

పులి వచ్చింది. దానికి ఆ రోజు అది నాలుగో సభ. వస్తూనే పలక మీద గోటితో గీత గీసింది. అది దాని సంతకం. గీత పడితే పలక మీద ఉన్నది ఉన్నట్టే.

తర్వాత బూడిద మొహాల ముందుకొచ్చి, మొదట ఉన్న నక్కపిల్లని జాలిగా అడిగింది. "మీ నాన్న పేరేంటమ్మా?"

ఏడవమని చెప్పిన మాట ఆ పిల్ల మర్చిపోయింది. ఎవరు ఎదురుపడినా ముందు మీ నాన్న ఎవరో చెప్పు అని ఇంట్లో దానికి రోజూ నేర్పేవారు. ఛాతీ విరిచి చెప్పింది.

"మా నాన్న ఈ అడవి సంఘం కార్యదర్శి."

ఎలుగుబంటి పిల్ల ఊరుకోలేదు. "మా నాన్న అధ్యక్షుడు. వాళ్ళ నాన్న కంటే పైన."

పులి పలక చూసింది. పలక మీద "తల్లిదండ్రులు చనిపోయారు" అని ఉంది. పులి కళ్ళు తుడుచుకుంది.

"కార్యదర్శి పోయాడా. అధ్యక్షుడు కూడానా. ఎంత పెద్ద తుఫాను. నాకు కబురే చెయ్యలేదు."

"దొరా, నేను ఇక్కడే ఉన్నాను" అని నక్క ముందుకొచ్చింది.

పులి తాబేలు వైపు తిరిగింది. "ఎవరితను?"

తాబేలు పలక వైపు చూసింది, నక్క వైపు చూసింది, మళ్ళీ పలక వైపు చూసింది. "పలక ప్రకారం లేరండి."

"నేనేరా" అంది నక్క.

"మిమ్మల్ని నేనెరుగుదును సార్. కానీ చెక్కింది చెరపడం లేదు. నా పిల్లలు కూడా ఇదే వరసలో ఉన్నాయి. నేను కూడా లేను." అలా చెప్పి, మిగిలిన చోటులో తన పేరు చెక్కడం మొదలెట్టింది.

పులి తెలివితక్కువది కాదు. బూడిద కింద నుంచి ఎర్రబొచ్చు కనబడుతూనే ఉంది. "చూడండి" అంది. "మీరు ఉంటే పలక అబద్ధం కావాలి, పలక నిజమైతే మీరు అబద్ధం కావాలి. పలక మీద నా గీత ఉంది. నా గీత ఉన్నది అబద్ధం ఎలా అవుతుంది? పోయినవారి కోసం అందరూ లేచి నిలబడి మౌనం పాటించండి."

అందరూ లేచారు. నక్క కూడా తల వంచుకుని తన కోసం తను మౌనం పాటించింది. ఎలుగుబంటి తనని తల్చుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంఘం కోసం ఎంత కష్టపడ్డాడో పాపం అంది.

మౌనం అయ్యాక పులి అడిగింది. "ఈ పదకొండు అనాథల్ని ఎవరు పెంచుతారు?"

చనిపోయినవాళ్ళు చెయ్యెత్తకూడదు. బతికున్నవాళ్ళు కాలిగోళ్ళు చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు బురదమ్మ వెనక నుంచి వచ్చింది.

"నువ్వెందుకొచ్చావు?" అంది పులి.

"పదకొండు పిల్లలు నిద్ర లేచాయి దొరా. మళ్ళీ ఆకలంటున్నాయి. నా దగ్గర దుంపలు అయిపోయాయి. ఇక్కడ ఎవరూ ముట్టని తిండి ఉంది కదా అని."

"చూశారా" అంది పులి సభతో. "లెక్క కూడా సరిపోయింది." పదకొండు బూడిద పిల్లల్నీ, అరిటాకుల్లో ఉన్న విందునీ బురదమ్మకి అప్పగించి, ఐదో సభకి వెళ్ళిపోయింది. బిరుదు సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. గుర్తు చెయ్యాల్సినవాళ్ళు లేరు కదా.

ఆ పూట బురదగుంట దగ్గర ఇరవై ఎనిమిది పిల్లలు కలిసి తిన్నాయి. బూడిద కడిగితే ఏది ఎవరిదో తెలిసేది కానీ, ఎవరూ కడగలేదు.

కాసేపటికి నక్క, ఎలుగుబంటి, చిలక, వాటి వెనక చాలా వెనక తాబేలు, గుంట దగ్గరికి వచ్చాయి.

"బురదమ్మా, తల్లీ" అంది నక్క. ఆ మాట దాని నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. "మా పిల్లల్ని ఇచ్చెయ్యమ్మా."

"ఇస్తాను బాబూ. మీ పిల్లలు నాకెందుకు? ఈ దీవి పిల్లల పేర్లు ఏ పలక మీదా రాయనని, ఏ ద్వారం కిందా నిలబెట్టనని మాటివ్వండి."

నక్క తాబేలు వైపు చూసింది.

"నేను చనిపోయాను" అంది తాబేలు. "నేనేం రాస్తాను?"

పిల్లలు ఇళ్ళకి వెళ్ళాయి. ఎలుగుబంటి పిల్ల మాత్రం వెళ్ళనంది. రెండు రోజులుండి వెళ్ళింది. దీవి పిల్లలు అక్కడే పెరిగాయి. చిన్నది ఇప్పుడు బురదమ్మ కంటే ఎత్తు. దుంపలు తవ్వడం దానికి రాదు కానీ, చెట్టెక్కి పళ్ళు కోసి కింద పడేస్తుంది.

నీతి: ఆదుకునేవాళ్ళ కంట పడకపోతే, దిక్కులేని పిల్లలు కూడా బతికేస్తాయి.

కథ రాసిన మర్నాడు పొద్దున ఆ పిల్లలు మా హాస్టలుకి వచ్చారు. ఏడుగురు. వ్యానులో ఎంత దూరం నుంచి వచ్చారో, గేటు దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. ముఖ్య అతిథి పెద్దాయన వచ్చి దీపం వెలిగించేదాకా ఉప్మా పెట్టొద్దని వార్డెన్ గారు కబురు పంపారు. నాకు పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే భయం. అందుకని వెళ్ళి టిఫిను గంట కొట్టాను.