బోడిరాణి ఆఖరి పొదుగు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు, గుడ్లు పిల్లలయ్యే ఉదయం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: కృపారావు, అతని భార్య కాంతం, కూతురు చిన్నతల్లి, మామిడికుదురు నుంచి వచ్చిన బావమరిది వరస ఏసుదాసు, వంటింటి మూల గంపలో బోడిరాణి. బోడిరాణి కోడి. అయినా ఆ ఇంట్లో దాని తరవాతే ఎవరైనా.

దాని మెడ మీద ఒక్క ఈక లేదు. కాళ్ళు పొట్టి. కానీ గద్ద దిగితే రెక్కలు గొడుగులా విప్పి ఎదురెళ్ళేది. పొదిగిన గుడ్డు ఒక్కటీ మురగనిచ్చేది కాదు. దాని తల్లి కాంతంతోపాటే కాపరానికొచ్చింది. ఇప్పుడిది ముసలిదైంది. ఇప్పుడు పొదుగుతున్న ఈ పదకొండు గుడ్లూ పోతే ఆ వంశం ఇక లేదు.

కృపారావుకి ఆ మెడ చూస్తేనే తలవంపులు.

"వీధిలో నవ్వుతున్నారే కాంతం! ఈసారి డేగపుంజులు దిగాలి."

"నవ్వేవాళ్ళ గుడ్లెన్ని పిల్లలవుతాయో కనుక్కోండి ముందు."

ఏసుదాసు ఇంట్లో ఎర్రటి డేగపుంజుంది, పందెంకోడి, నడుమెత్తు. ఆ జాతి గుడ్లు పదకొండు తెచ్చి, బోడిరాణి మేతకి దిగిన సమయం చూసి కృపారావు మార్చేసేడు. పాతవి అటక మీద కుండలో దాచేడు. అది చూసిన చిన్నతల్లికి వేలు చూపించేడు: "అమ్మకి చెప్పేవో!"

ఆ పిల్ల మామూలుగానే నోరు విప్పదు. ఇరవై ఒక్క రోజులూ అన్నం సయించలేదు. కృపారావు మాత్రం పుట్టని పుంజులకి ఎత్తయిన గూడు కట్టించి, పేర్లు పెట్టి, చూసిపొమ్మని ఏసుదాసుకి కబురంపేడు.

ఏసుదాసు వచ్చిన ఆ ఉదయం గంపలో టిక్కుటిక్కుమంది. చిన్నతల్లి ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంది. అంత పల్చటి పెంకు వెనక ఒక ప్రాణం తనంతట తను దారి చేసుకుంటోంది!

పెంకు విచ్చింది. తడి తలకాయ వచ్చింది. వెనకాలే మెడ. బోడిమెడ.

రెండోదీ అంతే.

"అదేంటండీ బావగారూ, మా డేగకి మెడనిండా ఈకలే!" అన్నాడు ఏసుదాసు.

కాంతం పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. "పొదగేసే గుడ్లకి మసిబొట్టు పెడతాం అన్నయ్యగారూ, తరవాత పెట్టినవి కలిసిపోకుండా. మీ బావగారు మార్చిన వాటికి బొట్టేదండీ? ఆ సాయంత్రమే నావి అటక మీంచి దింపుకున్నాను."

"మరి మా గుడ్లు?"

"పులుసు. మీ బావగారే నాలుగు తిని, ఇంత రుచి జన్మలో ఎరగనన్నారు."

"ఆయ్," అన్నాడు ఏసుదాసు, గంపలోకి తొంగిచూస్తూ.

కృపారావు గదిలోకి నడిచేడు. చిన్నతల్లి ఆరీ ఆరని పిల్లని దోసిట్లో పెట్టుకుని వెనకే పరిగెత్తింది.

"నాన్నా, చూడండి! ఇందాక గుడ్డులో ఉంది. ఇప్పుడు నన్ను చూస్తోంది!"

కోడిపిల్ల మెడ సాచి కృపారావునీ చూసింది.

అతను తలుపేసుకున్నాడు.