సుబ్బరాయుడన్న చెంప మీది గాటు

ఆ సోమవారం పొద్దున పేతురు పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త సాఫ్ట్‌వేర్ తనకు వచ్చేసిందని మధ్యాహ్నంలోపు జియావుల్లాకు చూపించాలి. లేకపోతే ప్రొద్దుటూరు ఫ్లెక్సీ ప్రెస్సులో అతని కుర్చీ పోతుంది.

గోడల మీద పార్టీ గుర్తులు గీసిన చేత్తోనే అతను డీటీపీ నేర్చాడు. అది కుదురుకునేసరికి ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీ అర్థమయ్యేసరికి సాఫ్ట్‌వేరే మారింది. ప్రెస్సు యజమాని జియావుల్లాకు మొహమాటం లేదు. "హైదరాబాదులో ఒకాయన ఉండాడంట పేతురూ. నీకు రాదంటే చెప్పు, పిలుస్తా."

పని కూడా చిన్నది కాదు. బుధవారం ఆ ప్రాంతపు వర్గ నాయకుడు సుబ్బరాయుడన్న పుట్టినరోజు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఊరేగింపు, దారి పొడవునా ఇరవై రెండు ఫ్లెక్సీలు. అన్న మనిషి ఫకీర్ సాహెబ్ జేబులోంచి నాలుగు మడతల ఫోటో తీసిచ్చాడు. స్కాన్ చేస్తే మొహం నిండా గీతలే. పేతురు అన్నను ఎప్పుడూ కారు అద్దం వెనకే చూశాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తుడిచే కుంచె ఉంది. దాంతో నుదుటి మీది మడత తుడిచాడు, ముక్కు మీదిదీ తుడిచాడు. ఎడమ చెంప మీదిది మొండికేసింది. నాలుగుసార్లు రుద్దితే అదీ పోయింది.

"పెండ్లికొడుకు మాదిరి ఉండాడు," అన్నాడు జియావుల్లా. కుర్చీ నిలబడింది. మంగళవారం రాత్రికే ఇరవై రెండు ఫ్లెక్సీలూ దారి పొడవునా కట్టేశారు.

బుధవారం ఎనిమిదింటికి ఫకీర్ సాహెబ్ ప్రెస్సు మెట్లెక్కాడు.

"ఏమప్పా, మా అన్న గాటు యాడ పాయ?"

"ఏం గాటు మామా?"

"కొడవలి గాటప్పా! ఎగస్పార్టీ వాళ్లు ఏసింది. పదైదేండ్లుగా దాన్ని చూపించే ఓట్లడుగుతాండాం. నువ్వు తుడిచి పారేస్తివే!"

అప్పటికే పులివెందుల రోడ్డులో జనం గాటు లేని మొహం చూసి, అన్న రాజీ పడ్డాడని చెప్పుకుంటున్నారు. ఎదుటి వర్గం నాయకుడూ అదే నమ్మి, శాలువా, బుట్టెడు జిలేబీ పంపాడు. జిలేబీ చూసి అన్న మనుషులు ఎగతాళి అనుకున్నారు. ఎదుటి వర్గం మీదికి రెండు జీపులు బయలుదేరాయి. వాటి వెనక ఎస్సై బయలుదేరాడు.

"ఫ్లెక్సీలు మళ్లీ కొట్టాలంటే పగలంతా పడతాది," అన్నాడు జియావుల్లా. "ఊరేగింపు రెండింటికి. పేతురూ, నీ కథ అయిపాయ."

 పేతురు బల్ల కింద దూరి పాత ఎనామిల్ రంగు డబ్బా, కుంచె బయటికి తీశాడు.

"మామా, ఆ జీపుల్ని ఇట్ల తిప్పు. ఒక నిచ్చెన ఎయ్యి."

మొదటి ఫ్లెక్సీ మీద గాటును రెండుసార్లు తుడిచి గీశాడు. మూడోదానికి పాత పట్టు దొరికింది. పన్నెండో ఫ్లెక్సీ కింద సుబ్బరాయుడన్నే కారు దిగాడు. నిచ్చెన మీద పేతురు కుంచె ఆపాడు. అన్న తలెత్తి చాలాసేపు చూసి, తన చెంప తడుముకున్నాడు.

"శానా బాగుందే. నాదే కొంచెం వంకర."

రెండింటికి ఇరవై రెండు గాట్ల కింద నుంచి ఊరేగింపు సాగింది. జిలేబీ ఎస్సై తిన్నాడు.

మర్నాడు జియావుల్లా హైదరాబాదు మాట ఎత్తలేదు. పేతురు అడిగితే, "ఆయనకు నిచ్చెనెక్కడం రాదంటప్పా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఎదుటి వర్గం మనిషి ఒకడు ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాయకుడి చెంపలు రెండూ నున్నగా ఉన్నాయి.

"మా అన్నకూ ఒకటి పెట్టప్పా. సుబ్బరాయుడి దానికంటే రెండంగుళాలు ఎక్కువుండాల. కంప్యూటర్లోనే చెయ్యి, పెయింటింగు మాదిరి తెలిసిపోకూడదు."

పేతురు కంప్యూటర్ ముందు కూర్చుని సాయంత్రం దాకా వెతికాడు. తుడిచే కుంచె ఉంది గానీ, గాటు పెట్టే కుంచె ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా రాలేదు.