హార్డ్‌డిస్కుకి ఆరోగ్య ధ్రువపత్రం

పాఠకులారా, హార్డ్‌డిస్కుని పరీక్షించే సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌ని పొరపాటున కూడా నమ్మకండి! నమ్మితే ఏమవుతుందంటారా? పని జరిగిపోతుంది. అంతకంటే ప్రమాదం ఉందా?

అమలాపురంలో రిటైరైన సైన్సు టీచరు దీనమ్మగారి అదృష్టమే చూడండి. ఐ.పోలవరం వైపు ఆరేళ్ళు తిరిగి, వేటకెళ్ళేవాళ్ళ నోట విన్న చేపల పేర్లన్నీ ఆవిడ పుస్తకం చేస్తోంది. సముద్రంలో విలసగా ఉన్న చేప గోదాట్లోకి ఎదురీదగానే పులస ఎలా అవుతుందో కూడా అందులో ఉంది. 2005 వేసవిలో గంగాధర్ డీటీపీ సెంటర్లో అది టైపవుతోంది. పదింటిలో చివరి మూడు అధ్యాయాలకి కాగితం మీద ప్రతి లేదు. పక్కన కూర్చుని ఆవిడ చెబుతుంటే గంగాధర్ కొట్టేశాడు.

ఒకరోజు కంప్యూటర్ డబ్బాలోంచి చప్పుడు వినిపించింది.

“గంగాధర్, లోపల టక్కు టక్కుమంటోంది. ముందు నా పుస్తకం సీడీలోకి ఎక్కించెయ్ బాబూ.”

“కంగారు పడకండి టీచరుగారండీ! మ్యాగజైన్‌తో చెకింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇచ్చేరు. అది చూసి చెబుతాదండి.”

చూసింది. చూడటమంటే అలా ఇలానా? తొమ్మిది గంటల పరీక్ష! ఎనిమిదో గంటకి కరెంటు పోయేది. మళ్ళీ మొదటికి. శుభలేఖలవాళ్ళు, కోర్టు కాగితాలవాళ్ళు బెంచీ మీద కూర్చుని తెర మీద నీలంగీత జరగడాన్ని చూసేవారు. ఇంతమంది చేత ఇంత మౌనం పట్టించిన ఘనత ఇంకెవరికుంది?

ఐదోరోజుకి తీర్పొచ్చింది. పచ్చటి టిక్కు, పక్కనే ఇంగ్లీషులో ‘ఆరోగ్యం అద్భుతం’!

“చూసేరాండీ, వందకి వంద!”

“మార్కులు సరే. మరి ఆ చప్పుడేంటి?”

“ఫ్యానండీ.”

వందకి వంద తెచ్చుకున్నదాన్ని ఏ టీచరు అనుమానిస్తుంది?

అంత మేలు చేసిన సాఫ్ట్‌వేర్ ఊరికే పోతుందా! ‘పూర్తి వెర్షన్ కొంటారా?’ అంటూ పావుగంటకోసారి పేజీకి అడ్డంగా కూర్చునేది. పొమ్మంటే ‘నిజంగా పొమ్మంటారా?’ అని మర్యాదగా అడిగి, మర్నాటికి తిరిగొచ్చేది. విసుగెత్తి గంగాధర్ దాని ఫోల్డర్నే చెరిపెయ్యబోయాడు.

దీనమ్మ అడ్డుపడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాని హెల్ప్ పేజీలు మొత్తం చదివింది.

“ఫోల్డరు పీకేస్తే దాని ముక్కలు లోపలే ఉండిపోతాయట. ముందు మన ఫైళ్ళు కాపీ చెయ్యి. ఆనక దాన్ని మూసేసి, కంట్రోల్ ప్యానెల్లోంచి తియ్యి. చివర్న రీస్టార్టు.”

“ఆయ్!”

ఒక్కో అధ్యాయం సీడీలోకి ఎక్కసాగింది. ఏడు ఎక్కాయి. ఎనిమిదోది సగంలో ఉండగా డబ్బా గరగరమని ఊరుకుంది. తెర బిగుసుకుపోయింది. మూలన పచ్చటిక్కు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది!

డిస్కుని రాజమండ్రి తీసుకెళ్ళి చూపించినా ఆ మూడు అధ్యాయాలూ రాలేదు. గంగాధర్ తల వంచుకుని నిలబడ్డాడు.

“మీరు మొదట్లోనే చెప్పేరండి. నేనే వినలేదు.”

దీనమ్మ లేచి, కొత్త నోటుపుస్తకం చంకన పెట్టుకుని ఐ.పోలవరం బస్సుకి బయల్దేరింది.

“నీ తప్పేం లేదులే బాబూ,” అంది గుమ్మంలో ఆగి. “నేను తెలుగులో చెప్పేను. అది ఇంగ్లీషులో చెప్పింది.”