పై అంతస్తులో ఏమీ మోగడం లేదు

ఆ ఉదయం అనుకున్న పని పెద్దదేమీ కాదు. తండ్రీ కూతురూ కలిసి అట్టపెట్టెలు పై అంతస్తులోని గదికి చేర్చాలి. కూతురు ఆసుపత్రికి వెళ్ళి గుర్తింపు కార్డుకు ఫొటో దిగి రావాలి. ఈలోగా తండ్రి సామాను సర్దాలి. మధ్యాహ్నం బస్సుకి ఆయన వెనక్కి వెళ్ళిపోవాలి. భార్య పోయి చాలా కాలమైంది కనుక ఇకమీదట ఇంట్లో ఆయన ఒక్కడే. ఆ సంగతి దారి పొడుగునా ఇద్దరూ ఎత్తలేదు. బయట ముసురు పట్టింది.

కూతురిది మొదటి ఉద్యోగం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూలో నర్సు. ఉద్యోగం వచ్చిందని ఫోన్లో చెప్పినప్పుడు తండ్రి "తిన్నానమ్మా" అన్నాడు. సంతోషంలో తడబడ్డాడని ఆమె అనుకుంది.

సోమవారం చేరగానే హెడ్ నర్సు ఒక పరీక్ష పెడుతుంది. కొత్త నర్సుని యంత్రాలకు వీపు చేసి నిలబెట్టి, మోగింది ఏ అలారమో అడుగుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఒక మోత. మందు ఎక్కించే పంపు ఆగితే ఒక మోత. బిడ్డ ఊపిరి తియ్యడం మానేస్తే ఇంకో మోత. చెప్పలేనివాళ్ళని ఓపీ బల్ల దగ్గర చీటీలు రాయడానికి పంపేస్తారు. ఈమెకి మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి. చీటీలు రాయడం ఖాయమని ఈ వారమంతా తేల్చుకుని ఉంది.

సీనియరొకావిడ ఆ మోతలన్నీ పంపి ఉపాయం చెప్పింది. "చెవి దగ్గర పెట్టుకుని వింటే రాదమ్మా. పాత ఫోన్లో వేసి, ఎప్పుడు పడితే అప్పుడు మోగేలా పెట్టి ఎక్కడో పడెయ్. జడ వేసుకుంటున్నా సరే, అదేంటో ఠక్కున చెప్పాలి."

ఆమె పాత ఫోన్ని ఖాళీ బకెట్లో పడేసింది. నేల తడిగా ఉందని బకెట్‌ని స్నానాలగది కిటికీ గట్టు మీద పెట్టింది. ఆ కిటికీ తెరుచుకునేది మేడ మధ్యలో గాలి కోసం వదిలిన సందులోకి. కింది అంతస్తుల స్నానాలగదుల కిటికీలు కూడా ఆ సందులోకే తెరుచుకుంటాయి. ఫోన్ రెండుసార్లు మోగింది. రెండుసార్లూ ఆమె తప్పు చెప్పింది. తండ్రి తలెత్తలేదు. పాపం, తన కోసం ఓర్చుకుంటున్నాడని అనుకుంది. ఆలస్యమైపోతోందని గొడుగు తీసుకుని పరుగెత్తింది. ఫోన్ బకెట్లోనే ఉంది.

కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ తన స్నానాలగదిలో మోత విని గీజరు కట్టేసింది. మోత ఆగలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది.

"ఇన్వర్టరు బ్యాటరీ మేడమ్. చచ్చేముందు ఇలాగే ఏడుస్తుంది," అన్నాడతను వింటూనే. బ్యాటరీ వైర్లు పీకాడు. కాసేపు నిశ్శబ్దం. అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటుండగా మళ్ళీ మోగింది.

"చచ్చాక కూడా ఏడుస్తోందేం?" అంది ఓనరమ్మ.

మధ్య అంతస్తులో లెక్కల ట్యూషన్ మాస్టారు కాపురం. ఆయన ముఖాన సబ్బుతో మెట్ల మీదికి వచ్చాడు. "మా బాత్‌రూమ్‌లో మోగుతోందండీ!"

"మీదెందుకవుతుంది మాస్టారూ, మోగేది మా బాత్‌రూమ్‌లోనైతే?"

ఇక పై అంతస్తులోనే అడగాల్సి ఉంది. ఎలక్ట్రీషియన్ వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాడు. తండ్రి అతని ముఖంలోకి చూశాడు.

"ఏమైనా మోగుతోందా పెద్దాయనా?"

"మోగడమా? ఏమీ లేదు బాబూ. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది."

ఫోన్ ఆ నిమిషంలో ఊరుకుని ఉంది కనుక ఎలక్ట్రీషియన్ నమ్మాడు. దిగివచ్చి పై అంతస్తుకి ఏ సంబంధమూ లేదని చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ పైకి వెళ్ళలేదు. అతను మెయిన్ కట్టేశాడు. ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు ఆగిపోయాయి. వాటి రొద పోయేసరికి మోత ఇంతకుముందుకన్నా స్పష్టంగా వినిపించింది.

"కరెంటు లేకుండా మోగుతోందంటే," అన్నాడు మాస్టారు తువ్వాలుతో సబ్బు తుడుచుకుంటూ, "అది గ్యాస్."

"గ్యాస్ మోగుతుందా మాస్టారూ?"

"లీకైతే మోగే పెట్టెలుంటాయి."

"మన మేడలో అలాంటి పెట్టె ఎక్కడుంది?"

"లేకుండానే మోగుతోందంటే ఎంత లీకై ఉండాలి?"

లెక్కల మాస్టారు చెప్పాడు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు. గ్యాస్ అన్నాక అందరికీ వాసన కూడా తెలిసింది. ట్యూషన్ పిల్లలు పుస్తకాలు అక్కడే వదిలేసి వీధిలోకి ఉరికారు. వాళ్ళ ముఖాల్లో విచారం లేదు. ఓనరమ్మ అత్తగారిని కుర్చీతో సహా మోసుకొచ్చి వానలో దించారు.

"ఏమే, నన్ను బయట పెట్టడానికి ఇంతమందిని పిలిచావా?" అంది అత్తగారు.

ఓనరమ్మ ఫైరాఫీసుకి ఫోన్ చేసింది. అప్పుడు మాస్టారు లెక్క చూసుకున్నాడు. "పైనాయన రాలేదు."

అందరూ పైకి చూసి కేకలు వేశారు. "పెద్దాయనా! దిగి రండి! గ్యాస్!" కిటికీలో ఎవరూ కనిపించలేదు. మళ్ళీ పిలిచారు. బదులు లేదు.

"పడిపోయి ఉంటాడు," అంది ఓనరమ్మ. ఆమె గొంతు తగ్గింది. "ఇల్లు ప్రశాంతంగా ఉందన్నాడుట. ఆఖరి మాట."

ఫైరింజను ఆ ఇరుకు వీధిలో పట్టలేదు. వీధి మొగలో ఆగిన దాన్ని దాటుకుని కూతురు అప్పుడే వచ్చింది. మెడలో కొత్త కార్డు ఉంది. ఆమెకి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. "మీ నాన్న... పైన... గ్యాస్..." అన్నాడు మాస్టారు. గొడుగు అక్కడే పడింది. ఫైరువాళ్ళు పట్టుకోబోతే తప్పించుకుని మెట్లెక్కింది.

మొదటి మలుపులో మోత వినిపించింది. "ఆక్సిజన్," అంది ఆమె, తనకే తెలియకుండా. రెండో మలుపులో ఇంకోటి. "పంపు." చివరి మెట్టు మీద ఉండగా మూడోది మొదలైంది. దాని పేరు ఆమె పైకి అనలేదు. అది ఊపిరి ఆగినప్పుడు మోగేది.

తలుపు తెరిచే ఉంది. తండ్రి గుమ్మానికి వీపు చేసి, స్నానాలగది పక్కనే నేల మీద కూర్చుని, ఆమె డ్యూటీ బూట్లకు తెల్లరంగు వేస్తున్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో బకెట్ మోగుతోంది.

"నాన్నా."

ఆయన బ్రష్ రంగులో ముంచాడు.

"నాన్నా!"

రెండో బూటు తీసుకున్నాడు.

ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది. ముఖం చూడగానే ఆయన నవ్వాడు. "వచ్చావా తల్లీ? ఫొటో బాగా వచ్చిందా? ఇల్లు చూశావా, చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది."

ఆమె బకెట్లో చెయ్యి పెట్టి ఫోన్ ఆపేసింది. మేడ నిజంగానే ప్రశాంతమైంది. ఆయనకి తేడా తెలియలేదు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన ఆమె పెదవులు చూశాడు, తర్వాత ఫోన్ చూశాడు. బ్రష్ డబ్బా మీద పెట్టాడు. "కోత మిల్లులో రంపం పక్కన పని కదా. అందరికీ అంతే. సన్న చప్పుళ్ళు ముందు పోతాయి. ఎదురుగా ఉంటే మాట తెలుస్తుంది."

"ఫోన్లో?"

"నువ్వు అడిగేది ఒకటే కదా. తిన్నావా అని."

"ఉద్యోగం వచ్చిందని చెప్పాను."

"అది మర్నాడు పక్కింటాయన చెప్పాడు."

"ఈ ఉద్యోగం నాకొద్దు. పద, ఇద్దరం వెళ్ళిపోదాం. ఇంట్లో పొయ్యి మీద ఏదైనా మాడినా, తలుపు ఎవరైనా బాదినా నీకు తెలీదు."

"ఇదిగో, ఇలా అంటావనే చెప్పలేదు." ఆయన బూటు ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఆ పసిగుడ్లకి నోరు లేదు. వాళ్ళ తరఫున మోగేది ఒకరు వినాలి. నాకు నోరుంది."

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ముందు ఫైరువాళ్ళు, వెనక ఎలక్ట్రీషియన్, ఆ వెనక ఓనరమ్మ. పెద్దాయన బతికే ఉండటం చూసి ఆమెకి ఊరట కలిగింది. ఊరట కలగగానే కోపం వచ్చింది. ఫోన్ సంగతి విని ఇంకా వచ్చింది.

"మా అత్తగారు వానలో కుర్చీలో ఉంది! వీధంతా మమ్మల్నే చూస్తోంది! సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యండి, విన్నారా?" ఆ చివరి మాట ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి అంది.

ఆమె పెదవులు తండ్రికి కనిపించలేదు. ఆయన లేచి, చేతులు కట్టుకుని, "తిన్నానండీ," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కూతురు బూటు వైపు చూస్తూ కూర్చుంది. ఓనరమ్మ ఆమెని చూసింది, ఆయన్ని చూసింది, బకెట్‌ని చూసింది.

"ఈయనకి అసలు వినపడదా?"

"సన్న చప్పుళ్ళు వినపడవండీ."

"మోటారు లాంటివి?"

"అది వినపడుతుంది. కానీ మిల్లులో ఇన్నేళ్ళున్నారు, మోటారు ఆయనకి చప్పుడు కింద లెక్క కాదు."

ఓనరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కింద నీళ్ళ మోటారు పక్కన ఆమెకి ఒక గది ఉంది. అద్దెకి వచ్చినవాళ్ళందరూ వారం తిరక్కుండా చప్పుడు భరించలేక వెళ్ళిపోయారు. అది ఖాళీగా పడి ఉంది. ఆమె ఈసారి తండ్రి ఎదురుగా వెళ్ళి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "కిందొక గది ఉంది. మీరు ఉంటారా? అమ్మాయి పైన, మీరు కింద."

"ఖాళీ చెయ్యమన్నారు కదండీ?" అంది కూతురు.

"చెయ్యమన్నాను. ఎంతమంది వెళ్ళిపోతారమ్మా ఈ మేడలోంచి? పోనీలే, ఉండండి. ఆ ఫోన్ మాత్రం నాకిచ్చెయ్."

మధ్యాహ్నం బస్సు ఆయన లేకుండానే వెళ్ళింది.

సోమవారం హెడ్ నర్సు ఆమెని యంత్రాలకు వీపు చేసి నిలబెట్టింది. అద్దాల పెట్టెల్లో అరచేతంత పిల్లలు పడుకుని ఉన్నారు. ఆమె మొదటి మోతకి పేరు చెప్పింది. రెండోదానికి చెప్పింది. మూడోదానికి పేరు చెప్పకుండానే వెనక్కి తిరిగి పెట్టె వైపు రెండడుగులు వేసేసింది.

"ఇది ఉత్త పరీక్షమ్మా," అంది హెడ్ నర్సు. ఓపీ బల్లకి ఫోన్ చేసి, చీటీలు రాయడానికి ఇంకెవరినైనా చూసుకోమంది.

చెవి డాక్టరు తండ్రికి మిషను రాశాడు. ఆయన దాన్ని కూతురు ఇంట్లో ఉన్నప్పుడే పెట్టుకుంటున్నాడు. కింది గదిలో అంతకుముందు అద్దెకి దిగినవాళ్ళందరూ ఓనరమ్మకి మోటారు మోగుతోందని ఫిర్యాదు చేశారు. అది ఆగిపోతే నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేసింది ఆయన ఒక్కడే.