ఐదు పసుపు ముఖాలు, నలభై వేల పురుగులు

సంతృప్తి ఎలా ఉంటుందో తేల్చడానికి మానవజాతి యుగాలపాటు తపస్సు చేసి, చిట్టచివరకు ఐదు పసుపుపచ్చ ముఖాల దగ్గర స్థిరపడింది. నరసాపురంలోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీ ఆ జ్ఞానాన్ని యాప్‌గా మలచి, కార్మికులందరి ఫోన్లలో ప్రతిష్ఠించింది. పొద్దున్నే వాటిలో ఒక ముఖం నొక్కితే తప్ప సెలవు అర్జీ తెరుచుకోదు.

ఆవని అనే ఊరి దగ్గరి పల్లెలో ఉంటూ అక్కడ పనిచేసే లోకేశ్ సోమవారం వేసుకున్న పథకం సామాన్యమైనది. స్నానం చేసి, అన్నిటికన్నా వెడల్పుగా నవ్వే ముఖాన్ని నొక్కి, గురువారానికి సెలవు అడగాలి. ఇంట్లో పట్టుపురుగులు గూళ్లు కట్టుకుంటున్నాయి. గురువారం తట్టల్లోంచి గూళ్లు విడిపించి మార్కెట్‌కు చేర్చకపోతే, పురుగులు రెక్కలు తొడిగి, గూళ్లకు కన్నాలు పొడిచి ఎగిరిపోతాయి. నెల కష్టం వాటితోపాటే.

అతను స్నానంలో ఉండగానే ఫోన్ మోగింది: ‘పనిచోట మీకు సాయం అందుతోందా?’ పట్టు శాఖవారు అడుగుతున్నారనుకున్న భార్య దాక్షాయణి, ఏడ్చే ముఖాన్ని నొక్కి, ఉన్నమాట ఫోన్‌లో పలికింది. “ఇల్లంతా పురుగులే. పండుకునేకి జాగా లేదు. చెయ్యి వేసే దిక్కు లేదు.”

సెలవు అర్జీ అప్పటికే తెరుచుకుని ఉండడం చూసి, ముఖం నొక్కే శ్రమ కూడా యాప్ తానే తీసుకుందని మెచ్చుకుంటూ లోకేశ్ బస్సులో అర్జీ పెట్టాడు. అతని పేర నమోదైన మాటలు చదివి, తొమ్మిదింటికి సంక్షేమాధికారిణి వర్ష పిలిపించింది. నగరంలో పెరిగిన ఆమె పట్టును చీరగా మాత్రమే ఎరుగును.

“లోకేశ్, ఇంట్లో పురుగులు కనిపిస్తున్నాయా?”

“కనపడకుండా యాడికి పోతాయి మేడమ్? నలభై వేలు ఉండాయి.”

ఆమె ఆ అంకెను భద్రంగా రాసుకుంది. “ఇప్పుడు ఏం చేస్తున్నాయవి?”

“తిండి మానేసినాయి. ఇంగ గురువారం నేను ఇంట్లో లేకపోతే అన్నీ ఎగిరిపోతాయి మేడమ్.”

దానితో వ్యవహారం ముదిరింది. అలాంటి మనిషిని పగలంతా ఇంట్లో వదలడం క్షేమం కాదని సెలవు ఆపేశారు. యంత్రం దగ్గరినుంచి తప్పించి, రోజూ పని వేళ ముగిసేదాకా ధ్యానమందిరంలో కూర్చోబెట్టారు. ఊపిరి పీల్చుకొమ్మని గంటగంటకూ ఫోన్ గుర్తుచేసేది. “అవి పట్టుపురుగులు మేడమ్” అని అతను మొత్తుకున్న ప్రతిసారీ, రోగి పురుగులకు కులగోత్రాలు కూడా చెబుతున్నాడని నమోదైంది. గురువారం అతన్ని అక్కడే ఉంచి, వర్ష మరి నలుగురితో కంపెనీ కారులో అతని ఇంటి వాతావరణం పరిశీలించడానికి బయలుదేరింది.

సాయంత్రం లోకేశ్ గుండె చిక్కబట్టుకుని ఇల్లు చేరాడు. తట్టలన్నీ ఖాళీ.

“గూళ్లు యాడ?”

“మార్కెట్‌కు పోయినాయి, మీ కంపెనీ కారులోనే” అంది దాక్షాయణి. “సాయం లేదని చెప్పినాను కదా, ఐదుమందిని పంపినారప్పా. పని రాదు గాని మంచోళ్లు. ఆ మేడమ్మ అయితే గూళ్ల కాడినుంచి అన్నానికి లెయ్యమన్నా లెయ్యలేదు.”

ఆ రాత్రి ఐదుగురు అధికారులూ అన్నిటికన్నా వెడల్పుగా నవ్వే ముఖాన్నే నొక్కారు. ఫ్యాక్టరీ స్థాపించాక అంతటి సంతృప్తి నమోదు కావడం అదే మొదలు. ఆ ఘనత యాప్‌దేనని నివేదిక తేల్చింది. వర్ష మనసు కరిగి, లోకేశ్ అర్జీని ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించింది.

శుక్రవారం పొద్దున, బస్సు ఎక్కుతూ లోకేశ్ ఫోన్ చూసుకున్నాడు. సెలవు మంజూరైంది, నిన్నటికి.