వెనక్కి నడిచిన నుదురు

బుధవారం పొద్దున మన్మథరావు అనుకున్న పనల్లా తలకు నూనె రాసి, పక్క పాపిడి తీసి, చద్దన్నం తిని, నర్సీపట్నం తాలూకా కచేరీకి పోయి నకళ్లు రాసుకోవడమే. మధ్యలో అద్దం అడ్డం పడింది. అందులో నుదురు ఉండాల్సిన దానికంటే వెడల్పుగా కనబడింది. రెండు కణతల పైనా జుట్టు వెనక్కి తగ్గి, ఎండాకాలం ఏట్లో ఇసుక తేలినట్టు చర్మం తేలి ఉంది.

అతను ముడి తీయించి క్రాపు పెట్టించుకుని ఏడాది కాలేదు. అంతకు ముందు ఊళ్లో మగవాళ్లందరిలాగే తల ముందు సగం నున్నగా గొరిగించి, వెనక ముడి వేసుకునేవాడు. అంచేత తన జుట్టు నుదుటి మీద అసలెక్కడ మొదలవుతుందో అతనికే తెలియదు. హద్దురాయి ఎక్కడుందో ఎరగనివాడు పొలం కోసుకుపోయిందో లేదో ఎలా చెబుతాడు?

పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు. మాకవరపాలెంలో తలుపులమ్మ అనే పిల్లతో సంబంధం మాటల్లో ఉంది. పిల్లను చూసి వచ్చిన దగ్గర్నుంచి మన్మథరావు కచేరీ కాగితాల్లో కక్షిదారు పేరుండాల్సిన చోట ఆమె పేరు రాసి కొట్టేస్తున్నాడు. పిల్లకీ ఇష్టమే. ఒప్పుకోవాల్సింది నాయనమ్మ మహాలక్ష్మమ్మ. ఆవిడ మొగుడిదీ బట్టతలే, కొడుకుదీ బట్టతలే. తండ్రీ కొడుకులు మిట్టమధ్యాహ్నం గట్టు మీద నడిస్తే గొలుగొండ కొండల మీద కోతులు కళ్లు మూసుకునేవట. "మూడో బోడితల మా గడప తొక్కడానికి ఈల్లేదు. పున్నానికి వచ్చి కుర్రోడి తల నానే సూస్తాను" అని ఆవిడ కబురంపింది.

బట్టతల తండ్రి నుంచే వస్తుందని మన్మథరావు నమ్మకం. అందుకని వంటింట్లోకి వెళ్లాడు.

"అమ్మా, నాన్నకి ముందు జుట్టుందేటి?"

అచ్చియమ్మ చింతపండు పిసుకుతూ తలెత్తింది. "నాకేటి తెలుస్తాదిరా? పెల్లిపీటల మీదికే నున్నగా గొరిగించుకొచ్చాడు. ఆనాటి నుంచీ అదే సూస్తన్నాను. మొలిస్తే గొరుగుతాడో, మొలవకపోయినా గొరుగుతాడో ఆ దేవుళ్లుకే తెలాల."

దేవుళ్లు ఆ వీధి మంగలి. అతన్ని అడిగితే మాట సాయంత్రానికి మాకవరపాలెం చేరుతుంది. తండ్రి తాతబ్బాయిని అడిగితే చెయ్యి చెంప మీదకి చేరుతుంది. ఇక మిగిలింది ఒకటే దారి. తండ్రి తలకు కొన్నాళ్లు కత్తి తగలకుండా చూడటం. మొలిస్తే పెళ్లి, మొలవకపోతే గోవిందా.

కచేరీకి పోతూ సందు మలుపులో దేవుళ్లుని ఆపాడు. "నాన్న కొన్నాళ్లు గొరగడానికి రావొద్దన్నాడు."

"ఏం బాబూ, నా కత్తి మీద కోపమేటి?"

"కోపం కాదు. కారణం అడక్కు."

కారణం అడగొద్దంటే, నర్సీపట్నంలో నీకు నచ్చిన కారణం పెట్టుకోమని అర్థం. దేవుళ్లు పెట్టుకున్నాడు. సంసారి జుట్టూ గడ్డం పెంచితే మొక్కయినా ఉండాలి, ఇంటావిడ నీళ్లోసుకునైనా ఉండాలి. పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు కత్తి తగలనివ్వడు కదా. మొక్కయితే దాచక్కర్లేదు. దాచారంటే అచ్చియమ్మకి ఈ వయసులో... దేవుళ్లు నోరు నొక్కుకున్నాడు, తర్వాతి గడ్డం దొరికేదాకా.

ఇవేవీ తెలియని తాతబ్బాయి తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద ఎదురుచూశాడు. దేవుళ్లు రాలేదు. మళ్లీ వారమూ రాలేదు. "ఆడు రాకపోతే నానెల్లి బతిమాలతానేటి? పెరగనీ!" అన్నాడు. పెరిగింది. ముందు గడ్డం పెరిగింది. తల సంగతి చూద్దామని మన్మథరావు తెల్లవారుతూనే నిద్రపోతున్న తండ్రి మీద వంగేవాడు, మసక చీకట్లో ఏమీ తేలేది కాదు. ఓ రోజు ఆయన కళ్లు తెరిచాడు.

"ఏటిరా, బతికున్నానో లేదో సూస్తన్నావా?"

ఈలోగా ఊరు ఊరుకోలేదు. పక్కింటి జోగులమ్మ కొంగు చాటున చలిమిడీ, పుల్లమామిడికాయలూ తెచ్చింది. "దాస్తే దాగుతాదేటే వదినా? తిను, తిను" అంది. దాచిందేమిటో అచ్చియమ్మకి తెలియలేదు. ఊరికే వచ్చిన మామిడికాయ కాదనడం ఆవిడ వంశంలో లేదు. అక్కడికక్కడే ఉప్పూ కారం అద్దుకుని ముక్క మిగలకుండా తినేసింది. ఇక సాక్ష్యం ఎందుకు? సంతలో తాతబ్బాయిని నలుగురు చుట్టుముట్టి "ఈ వయసులో కూడా గట్టోడివే!" అని భుజం తట్టారు. ఆయన తన చెరుకు తోట గురించి అనుకున్నాడు. "ఏటేటా కష్టపడతానే ఉన్నాను, ఈ ఏడు మీ కంట పడింది" అన్నాడు.

కబురు గొలుగొండ చేరేసరికి కవలలయ్యారు. మాకవరపాలెం పొలిమేర దాటేసరికి ముగ్గురయ్యారు, అందులో ఒకడికి పుట్టకముందే పళ్లున్నాయట.

పున్నమి రాకుండానే మహాలక్ష్మమ్మ బండి వాకిట్లో ఆగింది. వెనకే పెద్ద పాగా చుట్టుకుని ఆవిడ కొడుకు అప్పలకొండ దిగాడు. ఆవిడ కాళ్లు కూడా కడుక్కోలేదు.

"ఒక్కడే కొడుకని పిల్లనిస్తామన్నాం. ఇప్పుడు ఆస్తికి ముగ్గురు పాలోళ్లు దిగుతన్నారంట కదేటి! నా మనవరాలు కాపరానికొచ్చి అత్తకి పురుడు పోయాలా? ఈ సంబంధం మాకొద్దు!"

"ఎవరికి పిన్నిగారూ పురుడు?" అంది అచ్చియమ్మ.

"నీకేనమ్మా! నర్సీపట్నమంతా తెలుసు, నీకు తెల్దా?"

అచ్చియమ్మ మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసేటి?"

"నాకెవుడు సెప్పాడే!" అని తాతబ్బాయి గడ్డం గోక్కుంటూ పెళ్లాం నడుము వంక అనుమానంగా చూశాడు. పెళ్లాం చీపురు వంక చూసింది.

మన్మథరావు రెండు దారులూ లెక్కేసుకున్నాడు. నోరు మూసుకుంటే తల్లి కడుపు పేరుతో పిల్ల పోతుంది. విప్పితే తన నెత్తి పేరుతో పోతుంది. తల్లి చీపురు అందుకునేసరికి నోరు దానంతటదే విప్పుకుంది.

"ఆగమ్మా! దేవుళ్లుని రావొద్దన్నది నానే. నాకు బట్టతల వస్తందేమోనని, నాన్నకి మొలుస్తాదో లేదో సూద్దామని..."

'బట్టతల' అన్న మాటకి మహాలక్ష్మమ్మ తాచులా లేచింది. "ఇలా రా. వంగు! తాతబ్బాయి బాబూ, నువ్వూ వంగు!"

తండ్రీ కొడుకులిద్దరూ ఆవిడ ముందు తలలు వంచారు. ఆవిడ మన్మథరావు నడినెత్తి తడిమింది, పిడికెడు జుట్టు పట్టి గుంజింది. ఒక్క వెంట్రుకా రాలేదు, కళ్లనీళ్లు మాత్రం వచ్చాయి. కనుబొమ్మలెత్తమని, నుదుటి పైముడత మీద వేలు అడ్డంగా పెట్టింది. వేలి పై అంచున జుట్టు. తండ్రి నుదుటి మీదా పెట్టింది. అక్కడా అంతే. అవే రెండు మూలలు, అదే గీత, నల్లగా ఒత్తుగా.

"ఓస్ ఎర్రోడా! మీసం ముదిరాక నుదురు ఓ వేలు ఎనక్కి జరుగుతాది. రెండు పక్కలా సమంగా జరిగి ఆగిపోద్ది. మీ నాన్నది యాభై ఏళ్లొచ్చినా అక్కడే ఉంది సూడు. బట్టతల ఆగదు నాయనా. నడినెత్తి పలచబడతాది, మూలలు లోపల్లోపలికి తవ్వుకుంటా పోయి రెండూ కలిసిపోతాయి. ఒరే అప్పలకొండా, పాగా తియ్యి!"

"అమ్మా, పదిమందిలో..."

"బేగి తియ్యరా, పిల్లడు నేర్చుకోవాల!"

అప్పలకొండ పాగా తీశాడు. వాకిట్లో వెలుతురు పెరిగింది. ఎద్దులు బెదిరి బండితో సహా నాలుగడుగులు వెనక్కి తగ్గాయి.

"బట్టతలంటే అది. నీది మగాడి నుదురు" అని మహాలక్ష్మమ్మ అక్కడే తాంబూలం అడిగింది.

అద్దం మాత్రం మన్మథరావుకి మళ్లీ దొరకలేదు. మొలిచిన జుట్టు చూసుకుని మురిసిపోయిన తాతబ్బాయి గడ్డం తీయించి, ముడి కోయించి, కొడుకు కంటే ఎత్తుగా క్రాపు పెట్టించాడు. పెళ్లినాడు మాకవరపాలెం ఆడవాళ్లు పొరపాటున బాసికం ఆయన నుదుటికి కట్టబోతే, ఆయన వద్దనకుండా తల వంచాడట.